జల్వా అద్దంలో ఖాలా

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా దబీర్‌పురా గల్లీలో ఆడవాళ్లు చేరి ఆ కథలు మొదలుపెడితే, "మీకు వేరే పని లేదా?" అని కసిరి అక్కడి నుంచి వచ్చేసేదాన్ని. ఇప్పటికీ అంతే. కానీ ఒక్క వీడియో టేపు దగ్గర మాత్రం నా నోరు మూతపడుతుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీలో ఎవరికైనా అంతుపడితే నాకూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఎనభైల మధ్య సంగతి. పెళ్లిళ్లకు వీడియో తీయించడం అప్పుడప్పుడే మొదలైంది. మా నర్సింగన్నకు ఫొటో స్టూడియో ఉండేది. నానా తంటాలు పడి ఒక వీడియో కెమెరా, రెండు వీసీఆర్లు తెచ్చాడు. తెచ్చాక అసలు చిక్కు తెలిసింది. పాతబస్తీలో ముస్లింల పెళ్లిళ్లు ఎక్కువ. ఆడవాళ్ల వైపుకి మగవాడు కెమెరా పట్టుకుని పోలేడు కదా!

"చెల్లె, నువ్వు వట్టు కెమెరా. మనింట్ల నీకున్నంత ధైర్నం ఎవ్వలకున్నది?" అన్నాడు అన్న.

ధైర్యం మాట దేవుడెరుగు, ఇంట్లో కూర్చుని కుట్టుమిషన్ తొక్కడం కంటే ఇదే నయమనిపించింది.

తీయడం తొందరగానే పట్టుబడింది. ఎడిటింగే నన్ను ఏడిపించింది. ఇప్పటి పిల్లల్లా కంప్యూటర్లో ముక్కలు అటూ ఇటూ జరుపుకోవడం కాదు. ఒక వీసీఆర్‌లో తీసిన టేపు ఆడుతూ ఉంటుంది. రెండో దాంట్లో కొత్త టేపు పెట్టి, మనకు కావలసినంత వరకే దాని మీదికి ఎక్కించుకోవాలి. అక్కర్లేనిది రాగానే ఆపాలి, కావలసింది రాగానే మళ్లీ నొక్కాలి.

ఆ రెండో మిషన్‌కు ఒక పాడు అలవాటు. ఆపిన ప్రతిసారీ టేపు కొంచెం వెనక్కి జరిగేది. మళ్లీ నొక్కితే అంతకుముందు ఎక్కిన ముక్క చివరను తినేసేది. నా మొట్టమొదటి టేపులో వియ్యంకులిద్దరూ చేతులు చాచి దగ్గరికి వస్తారు, అలాయ్ బలాయ్ కాకుండానే బిర్యానీ తట్ట వచ్చేస్తుంది. చూసినవాళ్లు పడీ పడీ నవ్వారు.

"వాళ్లిద్దరికి లొల్లి వెట్టినవ్ గదనే!" అని అన్న వారం రోజులు వెక్కిరించాడు.

నాకు రోషం వచ్చింది. పాత టేపులు ముందేసుకుని కూర్చున్నాను. ముక్క అయిపోయాక కూడా కాసేపు ఆడనిచ్చి అప్పుడు ఆపడం నేర్చుకున్నాను. మిషన్ తినేది తిన్నా మనకు కావలసింది మిగులుతుంది. ఎవరైనా నవ్వితే, ఆ నవ్వు ముఖం మీది నుంచి పూర్తిగా పోయేదాకా ఆగాలని కూడా అప్పుడే తెలిసింది. మెల్లగా జనం నా టేపులు చూసి నవ్వడం మానేసి, అప్పగింతల దగ్గర కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు చూడాలి నా గర్వం!

అలాంటి రోజుల్లోనే మా వెనక గల్లీ యూసుఫ్ భాయ్ కూతురు నసీమా పెళ్లి వచ్చింది. ఆయనకు బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. నసీమా నా కళ్ల ముందు పెరిగిన పిల్ల. వాళ్లమ్మను నేను పిన్ని వరసతో ఖాలా అని పిలిచేదాన్ని. ఖాలాది మహా పట్టింపు, జన్మలో ఫొటో దిగిన మనిషి కాదు. కెమెరా భుజాన వేసుకుని లోపలికి పోగానే నా గడ్డం పట్టుకుని చెప్పింది.

"బేటీ, అందర్ని తియ్యి. నా బిడ్డను మంచిగ తియ్యి. నన్నొక్కదాన్ని తియ్యకు."

సరేనన్నాను. మాటంటే మాటే. ఖాలా ఎదురుగా వచ్చిన ప్రతిసారీ కెమెరా పక్కకు తిప్పేశాను.

పెళ్లయిన కొన్నాళ్లకే ఖాలా గుండెపోటుతో పోయింది. టేపు ఎడిటింగ్ నేనింకా మొదలే పెట్టలేదు. పోయినవాళ్ల కోసం నలభయ్యో రోజు చేసే ఫాతెహా అయ్యాక నసీమా స్టూడియోకి వచ్చింది. పెళ్లికూతురి కళ ఆ ముఖంలో ఎక్కడా లేదు.

"అక్కా, టేపుల అమ్మీ ఏడన్న వడ్డదా? మా దగ్గర ఒక్క ఫొటో లేదు. కండ్లు మూస్కుంటే అమ్మీ మొఖం సక్కగ యాదికొస్తలేదు. మర్సిపోతనేమోనని మస్తు భయమైతున్నది అక్కా."

పడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చూస్తా. నువ్వు ఫికర్ చెయ్యకు" అని పంపించేశాను. పంపించి, కూర్చుని ఏడ్చాను.

టేపులన్నీ మొదటి నుంచి చూశాను. ఖాలా ముఖం ఎక్కడా లేదు, ఉండదని నాకు తెలుసు. కానీ నసీమా జడలో పూలు సర్దుతున్న ఖాలా చేతులున్నాయి. తలుపు దగ్గర కదిలిన ఆకుపచ్చ దుపట్టా అంచు ఉంది. ఒకచోట లోపలి నుంచి "నసీ!" అని పిలిచిన గొంతు ఉంది. వేరే పెళ్లయితే ఇవన్నీ చెత్త కింద తీసేసేదాన్ని. ఈసారి ఒక్కొక్కటీ ఏరి పెట్టాను. ముఖం ఇవ్వలేకపోయినా, ఉన్నదంతా ఇవ్వాలనుకున్నాను.

జల్వా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. జల్వా అంటే నిఖా అయ్యాక పెళ్లికొడుకును ఆడవాళ్ల వైపు పెళ్లికూతురి దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో అద్దం పెడతారు. కొత్త జంట మొదటిసారి అందులోనే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నేను వెనక నుంచి ఆ అద్దాన్నే తీశాను. నసీమా కళ్లెత్తుతుంది, ఆడవాళ్లందరూ ఘొల్లుమని నవ్వుతారు, ఎవరో అద్దం మీద ఎర్రగుడ్డ కప్పేస్తారు. నవ్వు అయి గుడ్డ పడేదాకా ఎక్కించి ఆపాను, ఆ గుడ్డను మిషన్ ఎలాగూ తినేస్తుంది. తర్వాతి ముక్క ఎక్కించి, అతుకు ఎలా కుదిరిందో చూద్దామని వెనక్కి తిప్పాను.

అతుకు పడాల్సిన చోట పడలేదు. నవ్వులు అయిపోయాయి. గుడ్డ రాలేదు. అద్దం కొంచెం పక్కకు ఒరిగింది. అందులో ఖాలా ఉంది. ఆకుపచ్చ దుపట్టా తల నిండా కప్పుకుని, బిడ్డ వైపే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి, బిడ్డను దీవిస్తూ దువా చదువుతున్నట్టు. తర్వాత నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యాకే తర్వాతి ముక్క మొదలైంది.

ముందు నా బుద్ధి పనిచేసింది లెండి. ఆలస్యంగా నొక్కానేమో, తీసిన టేపులో ఉన్నదే నేను చూసుకోలేదేమో అనుకుని ఆ టేపు తిప్పి చూశాను. నవ్వు, వెంటనే ఎర్రగుడ్డ. అంతే. మధ్యలో ఏమీ లేదు. ఎక్కించిన టేపులో మాత్రం ఖాలా ఉంది. అది పాత టేపు కూడా కాదు, దాని మీది కవరు నేనే చించాను. ఎప్పుడూ ఎంతో కొంత తినేసే ఆ మిషన్, ఇచ్చిన దానికంటే ఎక్కువ చూపించడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

అన్నను పిలిచాను. రెండు టేపులూ మార్చి మార్చి చూశాడు. ప్రతిదానికీ వెక్కిరించే మనిషి పోయి స్టూడియో తలుపు వేసి వచ్చాడు.

"తియ్యొద్దన్నది గదన్నా. మాటిచ్చిన. గిది నసీమాకు ఎట్ల చూపియ్యాలె?" అన్నాను.

"నువ్వు తియ్యలే గదనే. ఆమె అచ్చింది. చూపియ్యి" అన్నాడు.

మర్నాడు నసీమాను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాను. ముందుగా ఏమీ చెప్పలేదు. చేతులు కనిపించినప్పుడు ఏడ్చింది. గొంతు వినిపించినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. జల్వా వచ్చింది. అద్దం ఒరిగింది. ఆ పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఆమె కోసం టేపు ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు అక్కా. నడ్వనీ."

అయిపోయాక ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను.

"నీకు తెల్వదు గదా అక్కా, ఆ రోజు అమ్మీ జల్వాకు రాలే. ఏడుపొస్తదని లోపటి అర్రల తలుపేస్కొని కూసుంది. నేనైతే ఎంత ఎదురుజూసిన్నో! రాలేదని కోపం గుడ చేసిన. ఇగో, అచ్చింది చూడు."

తలుపేసుకుని కూర్చున్న మనిషి అద్దంలోకి ఎలా వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు నసీమా నన్ను అడగనూ లేదు. మళ్లీ ఒకసారి పెట్టమంది, అంతే. పెట్టాను.