మా బావిలో మా నీళ్లు

అమ్మ మంచం పట్టిన ఏడు నా పరిశోధన బావి నీళ్ల మీదే. జిన్నారం వైపు మా పొలం చుట్టుపక్కల బావుల్లో నీళ్లు సీసాలకు పట్టుకొచ్చి, ఏ బావిలో ఏ రసాయనం ఎంత ఉందో ఒక పెద్ద పట్టిక వేశాను. కంప్యూటర్ దాన్ని రెండు చిన్న పట్టికలుగా విడదీసేది. నీళ్లలో కలిసిన ఒక్కో మూలంలో ఏమేమి ఉన్నాయో ఒకటి చెబితే, ఏ బావిలోకి ఏ మూలం ఎంత వచ్చిందో రెండోది చెప్పేది. మొదట ఏవో అంకెలు వేసుకుని, రెండింటినీ గుణిస్తే అసలు పట్టికకు దగ్గరయ్యేదాకా కొంచెం కొంచెంగా సరిదిద్దుకుంటూ పోయేది. ఒక్కటే షరతు, ఎక్కడా మైనస్ అంకె రాకూడదు. బావిలోకి వచ్చి కలిసేవే తప్ప, కలిసినదాన్ని వెనక్కి తీసుకుపోయేవాడు ఉండడు కదా. ఆ షరతు నాకు తెగ నచ్చింది.

మూడు మూలాలు తేలాయి. రెండు, చుట్టూ వెలిసిన ఫ్యాక్టరీలు వదిలే నీళ్ల తీరువి. మూడోది, అవి రాకముందు మా నేలలో ఉన్న మంచినీళ్లు. ఆదివారం ఇంటికెళ్లి బాపుకి గొప్పగా చెప్పాను.

"మన బాయిల మన నీళ్లు ఇంకున్నయా బిడ్డా?" అన్నాడు.

"ఉన్నయి బాపూ, జెరంత. వేరు చేసి చూసిన."

తర్వాతి వారం బాపు రెండు బస్సులు మారి మా ల్యాబుకి వచ్చాడు. చంకలో డబ్బా, దాని మూతికి తడిగుడ్డ. పొద్దున్నే తోడిన మా బావి నీళ్లు.

"గిండ్లకెల్లి మన నీళ్లు తీసియ్యి. మీ అమ్మ గవే అడుగుతున్నది. ట్యాంకర్ నీళ్లు పోస్తే ఉమ్మేస్తున్నది. గుక్కెడైనా సాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మీద కాదు, ఆ కంప్యూటర్ మీద, నేను నేర్చుకుని మురిసిపోయిన చదువు మీద. "గది లెక్కల్నే వేరయితది బాపూ" అన్నాను.

"లెక్కల ఉన్నది గ్లాసుల లేదా?"

ఏడుపు ఆగలేదు. "ఏం పరేషాన్ గాకు బిడ్డా" అని నన్నే ఊరుకోబెట్టాడు. బయట మొక్కలకు పోస్తానంటే వద్దన్నాడు, పాపం అవీ చస్తాయని. డబ్బా ఎత్తుకుని మళ్లీ బస్సెక్కాడు.

ఆ నెలలోనే అమ్మకు బాగా లేదని కబురొస్తే వెళ్లాను. బాపు వాకిట్లో ట్యాంకర్ నీళ్లు చెంబుకు పట్టి లోపలికి తెచ్చాడు. నా వైపు చూడకుండా, "బిడ్డ మన బాయి నీళ్లు వేరు చేసి తెచ్చింది, తాగు" అన్నాడు.

అమ్మ నన్ను చూసింది. "నిజమేనానే?"

ఆ చెంబులో మా నీళ్ల వంతు సున్నా. తలూపాను.

అమ్మ గుటక వేసింది. కళ్లు మూసుకుని, "గివేనే మనయి" అంది. బాపు ఇంకో గుక్క పోశాడు.