మా మేడమీది నార్వే కవి

మలేసియాలో, హుటాన్ మెలింటాంగ్‌లో మా ఇంటి మేడమీది వాటాలోకి ఒక నార్వే కవి అద్దెకు వస్తున్నాడని చెప్పినప్పుడు మా అమ్మ అడిగింది, "ఏటి పని సేత్తాడంట?"

"కవిత్వం రాత్తాడంటమ్మా."

"అది కాదే. పని ఏటీ అని."

నేను అప్పటికి ఇక్కడి బడిలో ఇంగ్లీషు టీచర్ని. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ. కవిగారికి డెబ్బై దాటాయి. భార్య పోయింది. వాళ్ళ దేశపు చీకటి చలికాలాలు ఒంటరిగా గడపలేక, కుర్రతనంలో సరుకు ఓడమీద పనిచేస్తూ చూసిన ఈ తీరానికి వచ్చేశారు. పట్నాలు వద్దన్నారు. చేపల పడవలు కనబడితే చాలన్నారు. రోజూ పొద్దున్నే ఏటి ఒడ్డుకు పోయి, పడవలు బాగుచేసే చైనా ముసలాయన పక్కన బల్లమీద కూర్చునేవారు. ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు.

అమ్మ ఆయన్ను "దొర" అనేది. ఆమె పుట్టింది బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో. అక్కడ తెల్లవాడు కనిపిస్తే దొరే. నాకు సిగ్గుగా ఉండేది. ఒకరోజు ఆ మాటకు అర్థమేమిటని ఆయనే అడిగారు. చెప్పాను.

"మా నాన్న చేపలు పట్టేవాడు టీచర్," అన్నారు. "ఆ మాట మాత్రం వద్దని అమ్మగారికి చెప్పండి."

అమ్మకు చెప్తే, "తెల్లోడు దొర కాపోతే మరేటవుతాడు?" అంది. పిలుపు మాత్రం మార్చలేదు.

ఆయన పద్యాలు ఇంగ్లీషులో నాకు చదవడానికిచ్చారు. చాలా చిన్నవి. ప్రాస లేదు, కామా లేదు. ఇంత పొడి మాటల్ని కవిత్వం ఎలా అంటారో మొదట నాకు అర్థం కాలేదు. ఆ సంగతి ఆయనకు కొత్త కాదు. రాజధాని వాళ్ళ భాషలో కాక తన పడమటి తీరపు ఊరిమాటలో రాసేవారట. మొదటి పుస్తకం వచ్చినప్పుడు, కట్టెలు నరికినట్టు వాక్యాలు నరికాడని పత్రికలు నవ్వాయట. చాలా ఏళ్ళ తర్వాత అవే పద్యాలు బడి పుస్తకాల్లోకి ఎక్కాయి.

"మొదట వెర్రివాణ్ణి, తర్వాత హోమ్‌వర్కుని," అనేవారు. అలా అంటూ నవ్వేవారు కాదు.

ఆ మొదటి పుస్తకంలోనే వాళ్ళ నాన్న గురించిన పద్యం ఉంది. ఆయన చిన్నప్పుడు తండ్రి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అది మీ అమ్మగారి భాషలో ఎలా వినిపిస్తుందో వినాలని ఉంది అన్నారు. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలతో, నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ ఏరుకుని రాశాను. అమ్మకు వినిపించాను.

"ఎవలి మాటలే ఇవి? పంతులు మంత్రాలు సదివినట్టున్నాది," అంది.

ఈసారి అమ్మ మాట్లాడినట్టే రాశాను. మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. పడవ బోర్లా వచ్చినాది, తాడుకి బాబు ఏసిన ముడి అలాగే ఉన్నాది, మా బాబుని సముద్రం తినేసినాది. అంతే పద్యం. అమ్మ రొయ్యలు ఒలుస్తూ వింది. చెయ్యి ఆగిపోయింది.

"మరి దొరికినాడా?"

"ఎవలు?"

"ఆల బాబే. మడిసి దొరికినాడా?"

నాకా ప్రశ్నే తోచలేదు. సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే అడిగాను. ఆయన కమ్మీ పట్టుకుని ఆగిపోయారు.

"లేదు," అన్నారు. మెట్టుమీదే కూర్చుని మిగతాది చెప్పారు. సముద్రం మీ నాన్నను దాచుకుంది అని వాళ్ళమ్మ పిల్లలకు చెప్పేదట. ఊళ్ళో అందరితోనూ అదే మాట. పుస్తకం వచ్చాక ఆమె ఆ చివరి పాదం చదివింది. చనిపోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు. ఆమెను పాతిపెట్టిన రోజున ఊరివాళ్ళలో ఒక్కరూ ఆయనతో చెయ్యి కలపలేదు.

అమ్మకు చెప్పాను. చాలా కోపం వచ్చింది. "కన్నతల్లి సదివేదని తెలీదా? గంగమ్మ తీసుకెల్లిపోనాదని రాత్తే ఏటి పోను?"

ఆ మాట ఆయనకు చేరవేశాను. "ఆమె అన్నది నిజమే," అన్నారు. "కాని ఒడ్డున నిలబడ్డ పిల్లాడికి తినడమే కనబడింది."

ఇంత కోప్పడ్డ అమ్మ ఆ రాత్రి రొయ్యల పులుసు గిన్నెలో పోసి పైకి పంపింది. మర్నాటినుంచి ఆయన్ను "అన్నా" అని పిలిచింది.

తర్వాతి వానాకాలంలో ఒక పొద్దున ఆయన కాఫీకి దిగి రాలేదు. వెళ్ళి చూస్తే వంటగదిలో నేలమీద పడి ఉన్నారు. పక్షవాతం. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి పోయింది. ఇంగ్లీషు మొత్తం పోయింది. చిన్నప్పటి ఊరిమాట ఒక్కటే మిగిలింది. నర్సులు నావైపు చూశారు. నాకేం తెలుసు? వాళ్ళ రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి ఆయన నోటి దగ్గర పెట్టాను. అవతలి అతను ఓపిగ్గా విన్నాడు. "పడవ అంటున్నారు, అమ్మ అంటున్నారు. మిగతాది తెలియడం లేదు. మాట తడబడుతోంది, పైగా ఆ వైపు యాస," అన్నాడు.

నేను బడినుంచి వచ్చాక ఇద్దరం బస్సులో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. అమ్మ గంజి పట్టించేది. "తాగన్నా. కొంచెం తాగు లా," అనేది, ఈ దేశపు అలవాటుగా మాట చివర "లా" తగిలించి. ఆయన ఏదేదో పొడుగ్గా చెప్పేవారు. అమ్మ "అవునన్నా, అవును" అంటూ ఉండేది.

"నీకేటి అర్థమైనాదమ్మా?" అన్నాను.

"ఏటీ నేదు. నానూరుకుంటే ఒక్కడే మాటాడుకున్నట్టుంటాది కదే."

చివరి వారంలో ఆయన కూతురు వచ్చింది. విడిపోయిన మొదటి భార్య కూతురు. వేరే దేశంలో తల్లి దగ్గర పెరిగింది. ఆమెను చూడగానే ఆయన గబగబా మాట్లాడటం మొదలుపెట్టారు. కళ్ళవెంట నీళ్ళు. ఆమె కొంతసేపు విని, ఏమంటున్నాడు అన్నట్టు నావైపు తిరిగింది.

"నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేవాడు," అంది. "ఈ భాష పుస్తకాలకే దాచుకున్నాడు."

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మేం ముగ్గురం మంచం చుట్టూ నిలబడి ఉన్నాం. నాకిప్పటికీ ఆ మధ్యాహ్నమే ఎక్కువ గుర్తొస్తుంది. ఆయన పోయిన రోజు అంతగా గుర్తు రాదు.

దహనానికి వచ్చింది కూతురు, మేమిద్దరం, పడవల ముసలాయన. ఆ పడవ పద్యం నాన్న భాషలోనే చదువుతానని కూతురు పుస్తకం తెరిచింది. రెండో పాదంలో నాలుక తిరగక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగిపోయింది. పుస్తకం మూసి, "మీరు రాసింది మీ భాషలో చదవండి," అంది.

చదివాను. చివరి పాదం దగ్గర అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు గంగమ్మ మాట కావాలని నాకు తెలుసు. నేను ఆయన రాసినట్టే చదివాను. అమ్మ చెయ్యి వదిలేసింది. ఒక్క ముక్కా తెలియని పడవల ముసలాయన టోపీ తీసి తలొంచుకున్నాడు.

బూడిద తీసుకుని కూతురు వెళ్ళిపోయింది. కొన్ని నెలలకు నా ఫోన్‌కు సందేశం పెట్టింది. ఆయన పుట్టిన ఊరికి వెళ్ళి సముద్రంలో కలిపానని, వాన పడుతోందని, ముందే కబురు పంపినా ఊరివాళ్ళెవరూ రాలేదని.

అమ్మకు చదివి చెప్పాను.

"ఒక్కలూ రానేదా?"

"రానేదంట."

అమ్మ లేచి టీవీ కట్టేసింది.