‘కొంచెం’ అని నొక్కిన పిల్ల

కెరీర్ గురించి సలహాలిచ్చే అర్హత నాకు లేదు. నాకు బాగా తెలిసింది క్యారియరే, అదీ మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపే ఖాళీ చేస్తాను. అందుకే వాకాడు దగ్గర మా హైస్కూలుకు ఆ కంప్యూటరు ప్రోగ్రాం వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. టెన్త్ పిల్లలు ప్రశ్నలకు జవాబులు నొక్కితే, ఎవరు ఏ కోర్సులో చేరాలో అదే చెబుతుందట. నిపుణుల తెలివంతా అందులో పోశారట.

నా లెక్కల క్లాసులో అందరికన్నా ముందుండే పిల్ల ఒకతె. సముద్రం ఒడ్డు పాళెం నుంచి వచ్చేది, నాన్నది చేపల వేట. ఇంటర్లో ఎంపీసీ చదివి ఇంజనీరు కావాలని ఆ పిల్ల ఆశ. ప్రోగ్రాం మాత్రం రొయ్యల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ శిక్షణకు పొమ్మంది.

పిలిచి అడిగాను. “లెక్కలు ఎంత బాగా వచ్చు అంటే ఏం నొక్కినావు?”

“కొంచెం అని, సార్.”

“నీకు కొంచెమా? బోర్డు మీద నా తప్పులు దిద్దేది నువ్వే గదా!”

“మనకు మనమే బాగా వచ్చని చెప్పుకుంటే ఉండేది కూడా పోతాది సార్. వేటకు పోయేటప్పుడు ఎవరడిగినా, ‘ఏం పడతాయిలే’ అనే అంటాడు మా నాయన.”

ఆ పాళెంలో పడవ కదిలే ముందు ఎవరూ గొప్పలు చెప్పరు. ఆ నిపుణుల్లో ఒక్కడైనా ఆ ఇసుకలో కాసేపు నిలబడి ఉంటే తెలిసేది. వినయాన్ని తెలివితక్కువతనం కింద జమకట్టేదాన్ని వ్యవస్థ అన్నారు. నాకు అవస్థే కనిపించింది.

మళ్లీ నొక్కించమని హెడ్మాస్టరు గారిని అడిగాను.

“ఒకసారి నొక్కితే అంతే సార్. మీరు కంప్యూటరు కన్నా ఎక్కువా?”

మామూలుగా అయితే ఒప్పుకునేవాణ్ణే. “ఈ పిల్ల విషయంలో ఎక్కువే!” అని అరిచాను. స్టాఫ్ రూమంతా వరండాలోకి వచ్చింది.

అడ్మిషన్ల రోజు ఆ పిల్లతో, వాళ్లమ్మతో జూనియర్ కాలేజీకి పోయాను. గుమాస్తా ప్రింటు చూసి పెదవి విరిచాడు. “కంప్యూటరు ఎంపీసీ వద్దంటాంది గదమ్మా.”

“అదొచ్చి చదవతాదా అన్నా? చదివేది నా బిడ్డ. మార్కులు చూడు ముందు.”

చూశాడు. సీటు రాశాడు.

నాకు మాత్రం కోపం దిగలేదు. ఆ పాళెం పిల్లలు మిగతావాళ్లు కూడా ‘కొంచెం’ అనే నొక్కారు. ఇల్లిల్లూ తిరిగాను. కంప్యూటరు చెప్పినాక ఇంకేముంది సార్ అన్నారు. జూన్లో ఫ్యాక్టరీ బస్సు వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది. ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేస్తోందనీ, ఒక్కరు తప్ప అందరూ చెప్పిన దాంట్లోనే చేరారనీ హెడ్మాస్టరు గారు పైకి రాసి పంపారు.