ఎడమదిక్కు తిరిగిన ఇసుర్రాయి

కూచో పిల్లా. ఆ ఫోను బోర్లా పెట్టి, కలం పట్టుకుని సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నా కోపం తగ్గించి రాయకు. ఇందాక ఆ కొత్త నవల తెరిచావు చూడు, కాగితం వాసన నా మంచం దాకా వచ్చింది. కాలంలో వెనక్కి పోయే మంత్రగత్తె కథట. నాలుగు వాక్యాలు పైకి చదివి, “బోర్ నానమ్మా” అని టప్పున మూసేశావు. ఒళ్లు మండింది నాకు. సగం నీ మీద, సగం నా మీద. అట్లాంటి మంత్రగత్తె కథే ఒకటి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేనూ విన్నాను. విని, ఒక్క మాటతో దాని గొంతు పిసికాను.

శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఇంకా లేస్తున్న రోజులవి. రాయచూరు బజారులో ఒక కిరాణా దుకాణం, దాని వెనకే శెట్టి ఇల్లు. ఆ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని నేనూ మీ తాతా ఉండేవాళ్లం. శెట్టి భార్యను బజారంతా శెట్టెమ్మ అనేది, నేను అక్కా అనేదాన్ని. మధ్యాహ్నమైతే ఆమె పని పొట్లాలకు కాగితాలు సిద్ధం చేయడం. తూకానికి కొన్న పాత పుస్తకాలు, పత్రికలు శెట్టి చింపి పడేస్తే, ఆమె మడిచి, కట్టలు కట్టి దుకాణంలోకి పంపాలి. ఏ కాగితాన్నీ చదవకుండా మడిచేది కాదు. నేను కన్నడ బడిలో చదువుకున్నదాన్ని, తెలుగు మాట్లాడడమే కానీ అక్షరం ముక్క రాదు. పప్పూ బెల్లమూ కట్టబోయే ఆ కాగితాల మీదే నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆమె. ఇప్పుడు నీ చేత రాయిస్తున్న ఈ తెలుగంతా ఆమె పెట్టిన భిక్షే. కథ మొదటి పేజీ దొరికిందంటే మాకు పండగ. నాలుగు వాక్యాలు చదివి ఆపేది.

“చెప్పు, ఈ కథకు ఎవరి మీద కోపమున్నది?”

“కోపమేంది అక్కా? వాన పడుతున్నదని రాసిండు, అంతే గదా.”

“ఊకెనే పడదు వాన. మల్లొకసారి సదువు.”

మళ్లీ చదివితే నిజంగానే కనబడేది. తండ్రి మీదో, ఊరి మీదో, దేవుడి మీదో. ఆ కథల చివరి పేజీలు మాకు ఏనాడూ దొరకలేదు, ఎవరింటి చక్కెర కట్టుకుని పోయాయో. మొదటి వాక్యమంటే బోణీ అనేది అక్క. పొద్దున్నే బోణీ గిరాకీని ఒట్టిచేతులతో పంపకూడదని షావుకార్ల ఇళ్లలో ఎంత పట్టింపో నీకు తెలియదు. వాక్యాన్నీ అట్లా పంపకూడదని ఆమె పట్టింపు.

ఒకరోజు బియ్యం డబ్బా వెనక నుంచి రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసింది. “ఇది నేను రాసిన. నీతోనే బోణీ. విని ఎట్లున్నదో చెప్పు” అని చదివింది. ఆ వాక్యాలు నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. రాసుకో:

‘ఊళ్లె అందరు ఇసుర్రాయి కుడిదిక్కు తిప్పుతరు. ఒక్కతి ఎడమదిక్కు తిప్పింది. పిండి మల్ల జొన్నలాయె. జొన్నలు కంకులాయె. ఆ కంకుల నడుమ నడిచి నడిచి ఆమె తను పుట్టకముందటి ఊరికి పోయింది. తనను మొట్టమొదలు మంత్రగత్తె అన్న ముసలోడు అక్కడ తొట్టెల్ల పండుకొని వేలు చప్పరిస్తుండె.’

నా చేతుల మీద రోమాలు లేచాయి. అయ్యో, ఆమె ఇప్పుడు ఆ పిల్లవాడిని ఏం చేస్తుందని అడగబోయాను. అంతలో గడపలో దగ్గు వినబడింది. నీళ్లు తాగడానికి వచ్చిన శెట్టి అంతా విన్నాడు.

“గిదేంది, మంత్రగత్తె కథ? దుకాణం నడిచే ఇంట్ల గిసొంటియి రాస్తరా ఎవలన్నా?” అని నవ్వి, నా వైపు తిరిగాడు. “నువ్వు సదువుకున్నదానివి. నువ్వు చెప్పమ్మా, బాగున్నదా?”

అక్క నా మొహమే చూస్తోంది. నేనేమో ఆయన ఇచ్చిన గది చూసుకున్నాను, ఇంటివాళ్లతో తగువు పెట్టుకోవద్దన్న మీ తాత మాట చూసుకున్నాను. “ఏమో అన్నా, నాకు సమజ్ కాలే” అన్నాను.

“ఇన్నవా? సదువుకున్నదానికే సమజ్ కాలేదట” అని నోటుబుక్కు ఆమె చేతిలోంచి లాగి పాత కాగితాల కట్ట మీద పడేశాడు. అంత తేలిగ్గా! చెప్పు విడిచినట్టు! మరునాడు నేను వెళ్లేసరికి అక్క తన చేతిరాత పేజీలనే ఒక్కొక్కటిగా మడుస్తోంది.

“అక్కా, నువ్వే మడుస్తున్నవా?”

“చింపుడు ఆయనది, మడుసుడు నాది. ఎన్నడు లేంది ఇయ్యాల మారుతదా?” అని తల ఎత్తకుండానే అంది. “నీకు సమజ్ అయింది. నీ మొకం నేను సూసిన.”

తిట్టినా బాగుండేది.

వారం పది రోజులకు ప్లాంటులో వెల్డింగు పని చేసే ఒకతను దుకాణానికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. నేను బెల్లం కోసం నిలబడి ఉన్నాను. జేబులోంచి నూనె మరకల కాగితం తీసి శెట్టి ముందు పరిచాడు.

“ఏవండీ, మొన్న శనగపప్పు కట్టిచ్చింది ఇందులోనేనండి. దీని తరవాత కాగితం ఉంటే ఇప్పించండి.”

“నీకు పప్పు కావాల్నా, కాగితం కావాల్నా?”

“పప్పు తినేశానండి. ఆవిడ ఆ ఉయ్యాల కాడ ఏం చేసిందో తెలవక పనిలో బుర్ర నిలవట్లేదండి.”

దుకాణంలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నెత్తురు మొహానికి ఎక్కింది. ముక్కూ మొహం తెలియని మనిషి పొట్లం కాగితం చదివి బజారుకు పరిగెత్తుకొచ్చాడు. ఆమె దగ్గర అక్షరం నేర్చుకున్న నేను అబద్ధమాడాను. “అన్నా, ఆ కథ అక్క రాసిందే” అన్నాను గట్టిగా. “నాకు ఆనాడే సమజ్ అయింది. నీకు భయపడి సమజ్ కాలేదని చెప్పిన.”

శెట్టి తక్కెడ దించాడు. నెల తిరగకుండా మా చేత గది ఖాళీ చేయించాడు, అది వేరే సంగతి. అక్క లోపలి గడప దాకా వచ్చి, ఆ వెల్డరుతో, అందరూ వినేటట్టు చెప్పింది. “పేరు పెట్టేనాడు బిడ్డ చెవుల మూడుసార్లు పేరు చెప్తరు గదా. ఆమె గూడ తొట్టెల్లకు వంగి చెప్పింది. వాని పేరు గాదు, తన పేరు. పెద్దగైనంక తనను ఏమని పిలవాల్నో వానికి ముందుగాలనే నేర్పింది.”

“మరి ఆవిడ పేరేంటండి?”

అక్క శెట్టి కళ్లలోకి చూస్తూ అంది. “చంద్రకళ.”

శెట్టి తల దించుకున్నాడు. రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి, ఆమె అసలు పేరు నేను వినడం అదే మొదటిసారి.

ఆమె మళ్లీ కలం పట్టిందో లేదో తెలియదు. పట్టలేదేమోనని నా మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ ఆరు వాక్యాలే నా దగ్గర మిగిలాయి. అందుకే చెబుతున్నా, ఆ నవల మళ్లీ తెరువు. నచ్చకపోతే నచ్చలేదని గట్టిగా అను, తప్పు లేదు. కానీ ముందు దానికి కోపం ఎవరి మీదో చూడు, చూశాక నాలాగా…

“అత్తమ్మా! రొట్టెలు సల్లగైతున్నయి, రాండ్రి!”

వస్తున్నా లేవే! మీ అమ్మకు నా మాట సాగుతుంటేనే ఆకలి గుర్తొస్తుంది. నువ్వు లేవకు. పైన ఆమె పేరు రాయి, శెట్టెమ్మ అని కాదు, చంద్రకళ అని, మూడుసార్లు, నేను చెయ్యి కడుక్కుని రొట్టె తుంచేలోపు ఆ పేరు కాగితం మీద కనబడాలి.