చెల్లి మురుగులో దూరిన చింతపిక్క

నా చిన్నప్పుడు మా చెల్లి గొంతులో చింతపిక్క అడ్డుపడింది. అది పక్కింటి అక్క ఒళ్ళోంచి జారి పడిన పిక్క అని మా ఇంట్లో అందరూ నమ్మారు. నిజం అది కాదు. నిజం తెలిసి కూడా నేను నలభై ఏళ్ళకు పైగా నోరు విప్పలేదు.

మాది రాయగడలో చింతపండు వ్యాపారం. ఎండలు ముదిరేసరికి కాశీపూర్ వైపు నుంచి బస్తాలు దిగేవి. ఇంటి వాడకానికి ఉంచుకున్న పండుకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి పిక్క తీసేవారు. ఈ రోజు మా వసారాలో అయితే రేపు ఇంకొకరింట్లో. పక్కింటి అక్క గుణుపురం దగ్గరి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. మా చెల్లి ఎప్పుడూ ఆమె చంకలోనే ఉండేది.

ఆ రోజు మాత్రం మా వసారాలో అందరూ పిక్క తీసే పనిలో ఉన్నారని చెల్లిని నాకు అప్పగించారు. నాకు ఎనిమిదేళ్ళు, దానికి పది నెలలు. నేను గచ్చు మీద పిక్కలాట ఆడుతుంటే అది పాకుతూ వచ్చి అన్నీ చెదరగొట్టేది. దూరం జరిపితే ఏడ్చేది. విసుగొచ్చి దాని చేతిలో ఒక పిక్క పెట్టాను. ఏడుపు ఆగింది. పీడ వదిలిందనుకుని మళ్ళీ ఆటలో పడ్డాను.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు గుర్తే. ఊపిరాడని పసిపిల్ల గొడవ చేస్తుందనుకుంటాం. దగ్గు లేదు, కేక లేదు.

"పిల్ల సడి లేదేటి?" అని అక్కే ముందు తలెత్తింది.

చెల్లి నోరు తెరుచుకునే ఉంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. మా మామ్మ పరుగున వచ్చి దాని నోట్లో వేలు పెట్టబోయింది.

"వేలెట్టకండి మామ్మగారూ, లోపలికెల్లిపోద్ది! నీల్లూ వద్దు!" అంటూ అక్క చెల్లిని లాక్కుంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడలు పట్టుకుని, తల కిందికి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో కొట్టింది. ఒకటి. రెండు. మూడు. మా అమ్మ ఏ దేవుణ్ణి పిలిచిందో గుర్తులేదు. నాలుగో దెబ్బకు పిక్క గచ్చు మీద పడింది. చెల్లి ఏడ్చింది. అంతసేపూ నేను లేవలేదు. మిగిలిన పిక్కలు పిడికిట్లో దాచుకుని కూర్చున్నాను.

భయం దిగాక మామ్మకు అక్క మీద కోపం వచ్చింది. "ఒళ్ళో పిక్కలెట్టుకుని లేస్తే రాలవేటే? పసిగుడ్డు పాకతాదని కల్లు కనబడ్లేదా?"

అక్క నా పిడికిలి వైపు ఒక్కసారి చూసింది. నింద తన మీదే వేసుకుంది. నేను పిడికిలి ఇంకా బిగించాను. ఆ తరువాత పిక్కలు తీయడానికి ఆమెను ఎవరూ పిలవలేదు. వీధిలో పసిపిల్లలను ఆమె చేతికి ఇవ్వడం మానేశారు. చెల్లిని బతికించిన చేతులవి.

కొన్నాళ్ళకు అక్క నన్ను గోడ దగ్గరికి పిలిచి, చెల్లి చేతికి బిగుతైపోయిన పాత వెండి కడియం, అదే మురుగు, తెమ్మంది. "ఇందులో ఏటేటి దూరతాదో సూడు" అంది. చింతపిక్క దూరింది. పల్లీ, గోళీ, నా చొక్కా బొత్తం, అన్నీ దూరాయి.

"ఇందులో దూరిందల్లా దాని గొంతుకి అడ్డమేరా. నేల మీద ఉండనీకు. దూరనిదైనా నమ్మీకు, పక్కనే ఉండు." మురుగు నా చేతిలో పెట్టి, "మా తమ్ముడికి శనగ్గింజ అడ్డంపడితే మావోల్లు వేలెట్టేసేరు. ఆడు దక్కలేదు. ఆ తరవాతే నర్సమ్మొచ్చి ఎలా కొట్టాలో నేర్పింది" అంది. నా పిడికిలి ఊసే ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మురుగు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ద్రాక్షపళ్ళు నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టేవాణ్ణి. పరుగెత్తే పిల్లకు ముద్ద పెట్టనిచ్చేవాణ్ణి కాదు. "ఈయనకి మురుగు పిచ్చి" అని నా భార్య నవ్వేది. ఈ మధ్య బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ కూడా అందులో దూర్చి చూశాను.

పోయిన నెల మా చెల్లి మనవరాలికి అన్నప్రాసన చేశారు. పాపను ఒకరి ఒళ్ళోంచి ఒకరు అందుకుంటున్నారు. అరవై దాటిన అక్క చివరి వరసలో కూర్చుంది. పాప తన దాకా వచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకుని, "నాకొద్దమ్మీ, మీరే ఎత్తుకోండి" అంది. నలభై ఏళ్ళ మాట ఆ చేతుల్లో ఇంకా ఉంది.

నేను లేచి పాపను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. "ఆ రోజు సెల్లి సేతిలో పిక్క పెట్టింది నేను, ఈ అక్క కాదు" అని అందరికీ వినబడేలా చెప్పాను. చెల్లి నన్నే చూస్తోంది.

"నాకు తెలుసు కదరా" అంది అక్క మెల్లగా.

"నీకు తెలుసక్కా, వీల్లకి తెలవదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."