చొక్కాలాయన అడిగిన మాట

ఆ నాలుగంతస్తుల కొట్లో ఆయన్ని అందరూ చొక్కాలాయన అనేవారు. అది చిన్న బట్టల దుకాణంగా ఉన్నప్పుడే అందులో పనికి చేరాడు. అప్పట్లో సరుకంతా బల్లకు అవతల బీరువాల్లో ఉండేది. "ఎవరికండీ?" అని అడిగి, తొడుక్కునే మనిషి ఒళ్లూ పొడుగూ చెప్పించుకున్నాకే చొక్కా కిందికి దించేవాడు. "పాతవి బోలెడున్నాయిగా, కాలర్ తిప్పించండి చాలు" అని కాళ్ల దగ్గరికొచ్చిన బేరాన్ని తిప్పి పంపిన రోజులూ లేకపోలేదు. యజమాని తల పట్టుకునేవాడు. కానీ ఆ మాట కోసమే జనం మళ్లీ వచ్చేవారు.

తర్వాత గోడలు పడగొట్టారు. అద్దాలొచ్చాయి, లిఫ్టొచ్చింది, ప్రతిదానికీ ధర చీటీ వచ్చింది. బల్ల పోయింది. ఎవరికి కావలసింది వాళ్లే తీసి బుట్టలో వేసుకోవచ్చు, ఏమీ కొనకపోయినా పొద్దంతా తిరగొచ్చు. గొడుగు కోసం వచ్చినవాళ్లు గొడుగు మరిచిపోయి దుప్పట్లు మోసుకుపోవడం ఆయన కళ్లారా చూశాడు.

"ఎవరికని అడక్కండి" అన్నాడు కొత్త మేనేజరు. "అడిగితే ఆలోచిస్తారు. ఆలోచిస్తే మళ్లీ హ్యాంగరుకి తగిలిస్తారు. ఇంకోసారి నా చెవిన పడిందా, మీరిక ఇంటికే."

ఇంట్లో భార్య మంచం పట్టి ఉంది. ఆమె మందులు ఈ జీతం మీదే. చొక్కాలాయన నోటికి తాళం వేసుకున్నాడు.

బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ వారం వారం వచ్చేది. భర్త కొలతకు సరిపోయే చొక్కా ఒకటి తీసుకుని వెళ్లేది. ఆ భర్తకు ఏళ్ల తరబడి చొక్కాలిచ్చింది ఈయనే. వెడల్పు భుజాలు, సన్నటి మెడ. ఆ మనిషి చనిపోయాడని ఈయనకు తెలుసు. తెలిసీ మడతపెట్టి సంచిలో వేసిచ్చేవాడు. అమ్మకాలు పెరిగాయని మేనేజరు భుజం తట్టాడు. ఆ పూట ఆయన తెచ్చుకున్న క్యారియరు విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాడు.

ఒకరోజు ఆవిడ నీలం చొక్కా పట్టుకుని ఆయన వైపే తిరిగింది. "ఇది ఆయనకి బాగుంటుందాండీ?"

మేనేజరు పక్క వరసలోనే ఉన్నాడు. చొక్కాలాయనకు మంచం మీది భార్య గుర్తొచ్చింది. అయినా ఆ మాట ఇక మింగలేకపోయాడు.

"ఎవరు తొడుక్కోవాలమ్మా?"

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. కొనేవాళ్లంతా బొమ్మల్లా నిలబడిపోయారు. ఆవిడ లేచి వెళ్లాక మేనేజరు ఒక్క ముక్కే అన్నాడు, రేపటినుంచి రావద్దని.

సాయంత్రం గేటు దగ్గర ఆవిడ ఎదురుచూస్తోంది. ఏం తిడుతుందోనని ఆయన తల దించుకున్నాడు.

"అన్నయ్యా, ఇంట్లో నా ముందు ఆయన మాటే ఎత్తరు. ఇక్కడేమో ఏం తీసినా నవ్వుతూ కట్టిస్తారు. మీరడిగారు కాబట్టి ఇవాళ ఏడ్చాను. రేపొచ్చి ఆయన గురించి కాసేపు మాట్లాడతాను. మీరుంటారుగా?"

ఆయన తలెత్తాడు.

"ఉంటాను తల్లీ."

మర్నాడు కొట్టు తెరిచే వేళకు వచ్చి, అద్దాలకు బయట నిలబడ్డాడు.