ఎడమవైపు వాళ్ళు గెంతరు

ఆ రోజుల్లో మా తాడేపల్లిగూడెం పిల్లల్లో ఎవరు మర్యాదస్తులో తేల్చడానికి ఒకటే కొలత ఉండేది. వీడియో గేములో ఓడిపోగానే మారు మాట్లాడకుండా మిషను దగ్గర నుంచి తప్పుకుంటే మర్యాదస్తుడు. బటన్ పని చెయ్యలేదని గొణుగుతూ అక్కడే నిలబడితే కాదు. ఇప్పుడు మా అబ్బాయి సోఫాలో పడుకుని, ఏ ఊరివాడో కూడా తెలియని వాడితో టీవీలో కుస్తీ పడుతుంటాడు. ఓడితే ప్యాడ్ విసిరేస్తాడు, గెలిస్తే జంతికలు అడుగుతాడు. ఎవరూ ఎవరికోసమూ పక్కకి జరగక్కర్లేదు. ఇది మంచిదో చెడ్డదో నాకు తేలలేదు. అసలు ఈ కొట్లాట ఆటల విషయంలో నాకు ఇంతవరకూ తేలినవి చాలా తక్కువ. తేలనివాటిలో పెద్దదాన్ని చెప్పాలంటే, స్టేషనుకి వెళ్ళే దారిలో సైకిల్ షాపు వెనక సందులో ఉండే వీడియో గేమ్ షాపు దగ్గర మొదలుపెట్టాలి.

ఆ షాపాయన పేరు మాకు తెలియదు. ఊరంతా పాస్టరుగారి తమ్ముడు అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళి భోంచేసి, తెల్లచొక్కా మార్చకుండానే వచ్చి షట్టరు ఎత్తేవారు. కార్ల మిషనూ, విమానాల మిషనూ ఉన్నా జనమంతా మూలనున్న కొట్లాట మిషను చుట్టూనే. ఆయనకేమో కొట్లాటలంటే పడదు. తెరమీద ఎవరైనా కిందపడితే మొహం తిప్పేసుకుని, “లేచాడా అమ్మా?” అని మమ్మల్ని అడిగేవారు. మేం బటన్లు బాదుతుంటే నెమ్మదిగా కొట్టుకోమని, నొక్కితే చాలు కదా అని బతిమాలేవారు. మిషను పక్కన చర్చి క్యాలెండరులోంచి కత్తిరించిన పావురం బొమ్మ కూడా ఒకటి అంటించారు, మా మనసులు చల్లబడతాయని కాబోలు. చీమకి కూడా దారిచ్చే మనిషి ఈ మిషను ఎందుకు కొన్నారో నాకు అర్థమయ్యేది కాదు. (ఒకసారి అడిగేశాను. “అమ్మినాయనకి కాదని చెప్పలేకపోయానమ్మా” అన్నారు.)

నేనక్కడికి ఆడడానికి వెళ్ళలేదు. తమ్ముణ్ణి లాక్కురమ్మని అమ్మ పంపేది. వాడు ‘ఈ ఒక్క ఆటక్కా’ అనేవాడు, నేను నిలబడి చూసేదాన్ని. చూసి చూసి ఒకరోజు వాడి చోట నిలబడ్డాను. ఆ తర్వాత నన్ను లాక్కురమ్మని తమ్ముణ్ణి పంపాల్సిన పరిస్థితి వచ్చింది. ఆడపిల్లకి ఇవేం ఆటలని అన్నవాళ్ళు లేకపోలేదు గానీ, మిషను ముందు ఆ మాట చెల్లేది కాదు. గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు తప్పుకుంటారు, అంతే. ఇంట్లో తమ్ముడికోసం, బడిలో పొడుగువాళ్ళకోసం, బస్సులో అందరికోసం జరుగుతూ ఉండేదాన్ని. గెలిచినంతసేపూ నన్ను ఎవరూ జరగమనని చోటు ఊరంతటిలో అదొక్కటే. ఆ చోటంటే నాకు ప్రాణం.

ఇక ఆ మిషను సంగతి. దానికి రెండు హ్యాండిళ్ళు. కుడివైపుది అన్ని దిక్కులకీ తిరిగేది. ఎడమవైపుది కిందకీ పక్కలకీ వెళ్ళేది గానీ, పైకి వెళ్ళేది కాదు. పైకి నెడితే తెరమీద మనిషి గెంతాలి కదా, మా ఎడమవైపు మనిషి మాత్రం చచ్చినా నేల వదిలేవాడు కాదు. అది పాడైందన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు. ఎలా వస్తుంది, మేం ఎరిగిన కొట్లాట మిషను అదొక్కటే. పైగా మా తమ్ముడు దీనికి ఒక సిద్ధాంతం చెప్పాడు. “ఎడంపక్కోడు పెద్దోడక్కా. పెద్దోళ్ళు గెంతరు.” ఈ మాట అందరికీ ఎంత సబబుగా తోచిందంటే, అందులోంచి ఒక ఆచారమే పుట్టుకొచ్చింది. గెలిచినవాళ్ళు కుడివైపు నుంచి ఎడమవైపుకి మారాలి. అంటే పెద్దరికం తీసుకోవాలి. కొత్తగా వచ్చినవాడు కుడివైపున ఎన్ని గెంతులైనా వేసుకోవచ్చు. ఎడమవైపు వాళ్ళు నిలబడే కాచుకోవాలి, నిలబడే కొట్టాలి. నేను ఎడమవైపు స్థిరపడిపోయాను. ఆలోచించుకునేటప్పుడు హ్యాండిల్‌ని పైకి నెట్టి, దానిమీదే చెయ్యి ఆనించుకునేదాన్ని, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డట్టు. అటు నెడితే ఏమీ అవదు కదా మరి.

ఆ ఏడు దసరా సెలవులకి ఏలూరు పక్కన వట్లూరులో ఉండే అత్తయ్య ఇంటికి వెళ్ళాం. కువైట్ నుంచి మావయ్య టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టె తెచ్చారు. అందులో అచ్చం మా ఆటే ఉంది. మా బావ (లేదండీ, చేసుకోలేదు, అడగబోయేవారికి ముందే చెబుతున్నాను) మొదటి ప్యాడ్ తను తీసుకుని రెండోది నాకిచ్చాడు. మొదటి ప్యాడ్ అంటే ఎడమవైపు, అంటే పెద్దరికం తనదే అన్నమాట. ఇల్లు తనది, పోనీలే అనుకున్నాను. ఆట మొదలైన మరుక్షణం వాడి మనిషి గాల్లోకి లేచి నా మనిషి నెత్తిన దిగాడు. నేను ప్యాడ్ కింద పెట్టేశాను.

“బావా, నువ్వు గెంతకూడదు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పడమేంటి? ఆటే అంత.”

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నా పక్కన తమ్ముడు, పెద్దోళ్ళు గెంతరని తన సిద్ధాంతం మళ్ళీ వినిపించాడు. దాంతో బావ నేలమీద దొర్లాడు. గొడవ పెద్దదై మావయ్య దాకా వెళ్ళింది. ఆయన పెట్టెతోపాటు వచ్చిన కాగితం తెచ్చి కళ్ళజోడు పెట్టుకున్నారు. అది అరబ్బీలో ఉంది. ఆ భాషని కుడినుంచి ఎడమకి చదవాలట, కాబట్టి బొమ్మలో ఎడమంటే ఏ ఎడమో ఆయనకీ అంతుపట్టలేదు. చివరికి ఇద్దరూ చెప్పింది నిజమే అయ్యుండొచ్చని తీర్పు ఇచ్చి భోజనానికి లేచారు. బావ అన్యాయం చేస్తున్నాడా, లేక ఆ పెట్టె మర్యాద తెలియనిదా అన్నది నాకు సెలవులు అయిపోయినా తేలలేదు. ఒకటి మాత్రం గమనించాను. వాడు ఓడిపోతే టీవీ కట్టేసేవాడు. ఆ ఇంట్లో ఓడినవాడు తప్పుకోడు, టీవీ వాళ్ళది కాబట్టి.

అక్కడితో పోతే బాగుండేది. మావయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. కువైట్ నుంచి ఇంకొన్ని పెట్టెలు తెప్పించి టీవీలతో సహా ఎక్కడైనా పెడితే వ్యాపారం బాగుంటుందనుకున్నారు. మా షాపుకి వచ్చి, ఈ మిషన్ల రోజులు అయిపోయాయని, ఆ మూలనున్నది తీసేస్తే టీవీలకి చోటు వస్తుందని పాస్టరుగారి తమ్ముడికి చెప్పారు. ఆయన అలాగేనండీ అన్నారు. మర్నాడు నేను వెళ్ళి, మిషను తీసెయ్యొద్దని ఏడ్చినంత పని చేశాను. నాకూ అలాగేనమ్మా అన్నారు. తర్వాత ఇద్దరికీ మాటిచ్చానని గుర్తొచ్చినట్టుంది, పాపం, తల పట్టుకుని కూర్చున్నారు. చివరికి ఒక దారి ఆయనే కనిపెట్టారు.

“ఆదివారం నువ్వూ మీ బావగారూ ఈ మిషను మీదే ఆడండమ్మా. నువ్వు గెలిస్తే ఇది ఉంటుంది, ఆ బాబు గెలిస్తే టీవీలు పెడదాం. నేనెవరికీ కాదని చెప్పక్కర్లేదు.”

ఆ వారం నాకు అన్నం సయించలేదు. మిషను పోతే నా చోటు పోతుంది. అయినా లోపల ధైర్యంగానే ఉంది, ఎందుకంటే ఆ ఎడమ హ్యాండిల్ నా చేతికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆదివారం బావ ఏలూరులో రైలెక్కి మా ఊళ్ళో దిగాడు. సందు నిండా పిల్లలు. మా ఆచారం ప్రకారం కొత్తవాడు కుడివైపు అన్నాం, ఒప్పుకున్నాడు. ఎడమవైపు గెంతదని మళ్ళీ గుర్తు చేశాను. తెలుసులే, దానికి తగ్గట్టే సిద్ధమై వచ్చానన్నాడు. ఆట మొదలైంది. వాడి మనిషి చేతుల్లోంచి నేల బారున నిప్పు ఉండలు వదలడం మొదలుపెట్టాడు. ఇలాంటివి నేను చాలా చూశాను. కాస్త ఆలోచించుకుందామని అలవాటుగా హ్యాండిల్‌ని పైకి నెట్టి చెయ్యి ఆనించాను.

నా మనిషి గెంతాడు.

పిల్లలంతా మిషను మీదకి వంగారు. పైకి చూసి వెనక్కి చూసి, నేనేం చేశానో నాకే తెలియక, మళ్ళీ ఆలోచించుకోవాల్సి వచ్చి మళ్ళీ పైకే నెట్టాను. మళ్ళీ గెంతాడు. ఇక అక్కణ్ణుంచి నా మనిషి నేలమీద నిలవలేదు. నేను గుద్దమంటే గెంతి గుద్దుతాడు, అదీ గాలిని. కాచుకోమంటే గెంతి, వెళ్ళి వెళ్ళి బావ మనిషి కాళ్ళ దగ్గరే దిగుతాడు. అటు బావకీ మతిపోయింది. గెంతని మనిషికోసం తయారై వచ్చినవాడు, కప్పలా ఎగిరే మనిషిని ఏం చెయ్యాలో తెలియక చేతికందిన బటన్ నొక్కుతున్నాడు.

“గెంతదన్నావు కదా?”

“గెంతదు,” అన్నాను, గెంతుతూనే.

ఓడిపోయాను. ఎలా ఓడిపోయానో నాకు తెలియదు, ఎలా గెలిచాడో వాడికి తెలియదు. మర్యాద ప్రకారం పక్కకి తప్పుకున్నాను. గెలిచినవాడు ఎడమవైపుకి మారాలని తమ్ముడు ఏడుపుగొంతుతో గుర్తు చేశాడు. అప్పుడు పాస్టరుగారి తమ్ముడు దగ్గరికొచ్చి, నా మొహం చూసి, మెల్లగా చెప్పారు.

“నిన్న రాత్రి షట్టరు దించాక పెంటపాడు నుంచి రేడియో మెకానిక్కుని పిలిపించానమ్మా. ఆ ఎడమపక్కది పని చెయ్యదని నాకు ఎప్పట్నుంచో తెలుసు. చిన్నపిల్లవి, పాడైనదానితో ఎలా నెట్టుకొస్తున్నావోనని బాధనిపించేది. ఈ ఒక్కరోజైనా నీకు సరిగ్గా ఉండాలని బాగుచేయించాను.”

ఆ క్షణాన ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఆయన మీదా? అంత ప్రేమగా నన్ను ఓడించినవాళ్ళు మళ్ళీ ఎవరూ లేరు. మెకానిక్ మీదా? ఆయన పని ఆయన బాగానే చేశాడు. చాలా ఏడ్చాను. పాస్టరుగారి తమ్ముడూ కళ్ళు తుడుచుకున్నారు. మా బావ ఎందుకు ఏడ్చాడో మాత్రం ఇప్పటికీ చెప్పడు.

మిషను వ్యానెక్కింది. టీవీలొచ్చాయి, కుర్చీలొచ్చాయి. నేను ఒకసారి వెళ్ళి చూశాను. గంటకింతని డబ్బు కట్టాలి, ఎవరి గంట వాళ్ళది, ఓడినా అక్కడే, గెలిచినా అక్కడే. నిలబడేవాళ్ళే లేరు, ఇక తప్పుకునేదెవరు? తమ్ముడు కొన్నాళ్ళు వెళ్ళాడు. మొదటి ప్యాడ్ దొరికితే గెంతేవాడు కాదు, ప్రతిసారీ ఓడిపోయి వచ్చేవాడు. ఆ తర్వాత ఇంటింటికీ పెట్టెలొచ్చి ఆ టీవీల షాపూ మూతపడింది.

ఇప్పుడు నాది చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఈమధ్య కొల్లేరు పక్కన ఒక చెరువు గట్టుమీద నీళ్ళు పట్టుకుని, ఎండకి కాపలా పాకలోకి వెళ్ళాను. మేత బస్తాల మధ్య నిలువెత్తు చెక్కపెట్టె ఒకటి ఉంది. తెర ఉండాల్సిన చోట కాపలాయన బియ్యం డబ్బా, అద్దం, దువ్వెన. పక్క చెక్కమీద అంటించిన కాగితం చిరిగిపోయి పావురం రెక్క ఒకటే మిగిలింది. ఇది ఎవరిదని అడిగితే, “ఎవరో ఇచ్చారండీ, బీరువాలా పనికొస్తుందని ఉంచానండీ” అన్నాడాయన. హ్యాండిళ్ళు రెండూ ఉన్నాయి, తుప్పుపట్టి. మోకాళ్ళ నొప్పులతో బస్తాలు దాటుకుని వెళ్ళి ఎడమవైపున నిలబడ్డాను. పట్టుకుని కిందకి లాగాను, వచ్చింది. పక్కలకి తిప్పాను, తిరిగింది. పైకి నెట్టాను.

అక్కణ్ణుంచే తమ్ముడికి ఫోన్ చేసి మన మిషను దొరికిందని చెప్పాను. ఎలా ఉందని గానీ, ఎక్కడుందని గానీ వాడు అడగలేదు.

“ఎడంపక్కది పైకెళ్తుందా?”

“లేదురా.”



“అయితే బాగానే ఉందక్కా,” అన్నాడు.

తుప్పు వల్లే అయ్యుంటుంది. లేక ఆ మెకానిక్ చేసిన పని మిషనుకీ నచ్చలేదేమో, నాకు తెలియదు. కాపలాయన మజ్జిగ తెచ్చి ఇచ్చేదాకా హ్యాండిల్‌ని పైకి నెట్టి, దానిమీద చెయ్యి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. నన్ను జరగమన్నవాళ్ళు ఎవరూ లేరు.